సున్నం చుక్క

చొక్కా ఇప్పిచ్చి, సల్లటి పలకకు రొమ్ము ఆనిచ్చి
ఊపిరి బిగవట్టమన్నరు.
బిగవట్టిన.
పదకొండేండ్ల సనయ్య దుమ్ము,
డీజిల్ పొగ, ఒక్క శుక్రారం పీల్చిన సముద్రపు గాలి
అన్నీ లోపల్నే ఆగినయి.

మూడోనాడు పిలుపొచ్చింది.
సూడాన్ డాక్టరు ఇస్సాం ఫిలిమును వెలుగుకు వెట్టిండు.
కుడిదిక్కు, పైన,
శెనగ్గింజంత తెలుపు.

ఆయనది అరబ్బీ, కాంపౌండరు జోయికుట్టిది హిందీ,
నా భయానిది తెలుగు.
మాట నా దాకా వచ్చేసరికి సగం అరిగింది,
భయమైతే ఏం అరగలె.
వాపసు పంపుతరా సార్, అన్న.
డాక్టరు జవాబియ్యలె.
కాయితం వెనుక గుండ్రంగ ఒక గీత గీసిండు.

ఎప్పుడో, ఎవలి దగ్గునుంచో
ఒక పురుగు లోపలికి దూరిందట.
(ఎవలిదో నాకెరుకే. పద్నాలుగో రూము, పై మంచం ముత్తెన్న,
ఎండకాలమంతా దగ్గి దగ్గి
ఒకనాడు పరుపు సుట్టుకొని పోయిండు.
పోయేముందు నా టీ గ్లాసు కడిగి బోర్లిచ్చిండు.)

ఊపిరితిత్తుల మూలమూలకు
ఊడ్చే కణాలుంటయట.
దుమ్మైనా పురుగైనా మింగుడే వాటి పని.
దీన్నీ మింగినయి.
మింగినయి గని అరగలె.
మైనం చొక్కా తొడుక్కొని వచ్చిన పురుగాయె,
మింగినదాని కడుపుల్నే కాపురం వెట్టింది.

ఇంకొన్ని వారాలకు వేరే కణాలొచ్చినయి,
ఆనవాలు పట్టేటియి.
మింగి గుడ్లు తేలేసినదాని భుజం తట్టి
నేనొచ్చిన, ఇంకింత గట్టిగ పట్టు, అన్నయట.
గా మాటకే దానికి పాణం లేచొచ్చింది.
ఇగ అన్నీ కూడి
వీపుకు వీపు ఆనిచ్చి, సందు లేకుంట
దాని సుట్టూ దడి కట్టినయి.
నడుమ సచ్చినయి జున్నులెక్క గడ్డకట్టినయి.
జున్ను మీద ఏండ్లకేండ్లు సున్నం పేరింది.
ఫిలిమ్ల తెల్లగ కనవడ్డది
గా సున్నమే కావొచ్చు, అన్నడు జోయికుట్టి.
కావొచ్చు అన్నకాడ గొంతు తగ్గిచ్చిండు.

నేను టైల్స్ గోదాం వాచ్‌మన్‌ను.
రాత్రి ఏడింటికెక్కితే పొద్దుగాల ఏడింటికి దిగుడు.
ఏం పోనన్ని దినాలు నేనున్నట్టు ఎవలికీ యాదికుండదు.
ఎనిమిదేండ్లల్ల సూపర్‌వైజరు రెండుసార్లు నా పేరడిగిండు,
రెండుసార్లూ జీతం కోసేటందుకే.
గందుకే అడుగుతున్న:
లోపల గిన్నేండ్లు నిలవడ్డోళ్ళకు
నేనేం వెట్టిన?
వారంల మూడు రాత్రులు ఖుబ్బూస్, నల్ల చాయ్.
పొద్దున పండుకునేది ఇడిసిపెట్టి
ముప్పై కార్లు కడుగుడు.
పైసలు మిగులుతున్నయని ఖుషైన.
తినకపోతే, పండకపోతే దడి సడలుతదట,
లోపలిది బతికే ఉంటదట,
సందు కోసం సూసుకుంట.

మూడు పొద్దులు సిన్న డబ్బాలల్ల తెమడ ఇచ్చిన.
ఇంక ఏ ముచ్చటా రాలె.
ఇంటికి ఫోన్ల చెప్పలె.
గొంతు గట్లున్నదేందని బిడ్డ అడిగితే
ఏసీ, అన్న.
గోదాంల ఏసీ లేదు, దానికెరుక లేదు.

ఇయ్యాల రెండు కోడిగుడ్లు ఉడకవెట్టుకున్న.
పప్పుల నిమ్మకాయ పిండుకున్న.
ఎవలో ఆకలితోని ఎదురు సూస్తున్నట్టు
నిమ్మళంగ నమిలిన.

రెండు గొట్టింది. గాలి లేదు.
టైల్స్ పెట్టెల నడుమ తిరిగొచ్చి గేటుకాడ కూసున్న.
రోడ్డవతల స్టీలు యార్డుల నేపాలీ పిల్లగాడు,
పేరు నాకూ ఎరుక లేదు,
టార్చి రెండుసార్లు ఆర్పి వెలిగిచ్చిండు,
మేల్కొనే ఉన్నవా అన్నట్టు.

నేనూ రెండుసార్లు వెలిగిచ్చిన.